కల్యాణవల్లిని అమ్మాలా, ఉంచాలా

యతిరాజులు స్వామి ఆఫీసు తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో ఉండేది. కింద యాత్రా బస్సుల టిక్కెట్లు ఇచ్చేవాళ్ళు, పైన ఆయన గది. తమిళ యాత్రికులు కొండకు కట్టకట్టుకుని వచ్చే పెరటాసి నెల కావడంతో ఆ రోజు పొద్దున కింద జనం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు. వాళ్ళను తప్పించుకుని మెట్లెక్కేసరికి నా మోకాళ్ళు రెండూ మొరాయించాయి. ముప్పై ఏళ్ళు ఓడల మెట్లు ఎక్కి దిగిన మోకాళ్ళు అవి. వాటిని తప్పు పట్టలేను.

నా పేరు అమర్‌నాథ్. మాది సత్యవేడు. మావాళ్ళంతా వేరుశనగ వేసుకుని బతుకుతుంటే నేనొక్కడినే మద్రాసు హార్బరుకు పోయి ఓడల లోపల చెక్కపని నేర్చుకున్నాను. గదులు, మంచాలు, గోడపలకలు, అంతా మా పనే. వయసు పైబడ్డాక ఇంకో పని కూడా నా నెత్తినెక్కింది. ముసలిదైన ఓడలోకి పోయి చూసి, దీన్ని బాగుచేసుకోండి, లేదా వదిలించుకోండి అని చెప్పడం. డాక్టరు చదువు లేకుండానే నాడి పట్టుకుంటున్నావని మా ఆవిడ ఎగతాళి చేసేది. తొంభై ఎనిమిదిలో స్వామి కబురు పెట్టినప్పుడు ఇదే ఆఖరిదని ఇంట్లో చెప్పి బయల్దేరాను. నిజంగానే విసుగెత్తిపోయి ఉన్నాను.

స్వామి వాళ్ళది గుడి సేవలో ఉన్న వైష్ణవ కుటుంబం. ఆయన మాత్రం ఒక పాత వ్యానుతో మొదలుపెట్టి ఎనిమిది బస్సులదాకా పోయాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మద్రాసు నుంచి పూరీ దాకా యాత్రికుల్ని సముద్రం మీద తిప్పుదామని గ్రీసు దేశం వాళ్ళ దగ్గర ఒక పాత ప్రయాణికుల ఓడ కొన్నాడు. దానికి భార్య పేరు పెట్టాడు, కల్యాణవల్లి అని. మూడో ఏడు ఒక ప్రయాణంలో ఆ కల్యాణవల్లమ్మే ఓడ మీది నుంచి సముద్రంలో పడిపోయింది. శవం దొరకలేదు. ఆ వారమే ఓడను ఆపేసి, శ్రీహరికోటకు ఉత్తరాన ఒక చోట లంగరు వేయించాడు. ఐదేళ్ళుగా అది అక్కడే ఉంది.

గదిలో స్వామితో పాటు ఆయన కూతురు హంసిని ఉంది. బస్సులన్నీ ఇప్పుడు ఆమే చూసుకుంటుంది.

"గుజరాత్ నుంచి ఓడలు పగలగొట్టేవాళ్ళు అడుగుతా ఉన్నారు మేస్త్రీ గారూ," అంది హంసిని. "నెలాఖరు లోపల ఏదో ఒకటి చెప్పాల. మీరు ఒక్క మాట రాసియ్యండి. అమ్మేయమని గానీ, బాగుచెయ్యమని గానీ. నాయన మీ మాట వింటానన్నాడు. నా మాట వినేది ఎప్పుడో మానేసినాడు."

స్వామి నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. "నువ్వు చూసేది చెక్కలే గదా అమర్‌నాథూ. చెక్కల సంగతి చెప్పు. తక్కింది నేను చూసుకుంటాలే."

మెట్ల దాకా వచ్చి హంసిని గొంతు తగ్గించింది. "ఆయన సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. వారానికొకసారి పోయి ఆ ఓడ పైన కూర్చొని వస్తాడు. కిందికి మాత్రం దిగడు, ధైర్యం చాలదంటాడు. ఆ ఓడ పోతేగానీ మా నాయన నాకు దక్కడు మేస్త్రీ గారూ."

నా చేతిలో ఏముందో అప్పుడు తెలిసింది. జాలేసింది. సరేనమ్మా అని చెప్పి నాయుడుపేట బస్సెక్కాను.

మర్నాడు పదకొండు గంటలకు ఒక చేపల పడవ నన్ను ఓడ దగ్గర దింపింది. మూడు వందల మందిని మోసిన ఓడ. తెల్లరంగు పొలుసులుగా లేచి, లంగరు గొలుసు కిందుగా తుప్పు కారి ఉంది. పొగగొట్టం మీద నామాలు మాత్రం ఎవరో ఈ మధ్యే దిద్దారు. కాపలా మనిషి కుప్పయ్య తాడు నిచ్చెన వదిలి నన్ను పైకి లాగాడు. మా సత్యవేడు పక్కనే వరదయ్యపాలెం ఆయనది. ఓడ కొన్న రోజు నుంచీ ఉన్నవాడు. పైన డెక్కు మీదే టార్పాలిన్ కట్టుకుని, దాని కిందే వంటా పడకా పెట్టుకున్నాడు.

పనివాడికి ముందుగా కావలసింది చెమ్మ సంగతి. చెక్కను తినేది అదే. అందుకే చారు తాగుతూ అడిగాను.

"లోపల చెమ్మ ఉండాదా కుప్పయ్యా?"

ఆయన గరిటె తిప్పడం ఆపాడు. "ఉండాదన్నా. అది యాడికి పోతాది?"

"ఎందాక వచ్చినాది?"

"ముందు అడుగునే ఉన్నింది. ఇప్పుడు బోజనాల హాలు దాకా వస్తాండాది. ఎండాకాలం అంతగా రాదు. ముసురు పట్టినప్పుడు గోడలెంబడి తిరగతాది."

మావైపు చెమ్మ గురించి అట్లాగే మాట్లాడతారు. గోడ ఎక్కిందంటారు, గడప దాటిందంటారు. చెమ్మ, భోజనాల హాలు వరకు, అని పుస్తకంలో రాసుకున్నాను. కుప్పయ్య నా రాతను వింతగా చూశాడు.

"నువ్వు కిందికి దిగవా?"

"నాకేం పనుండాది ఆడ?" అని టార్చిలైటు నా చేతికిచ్చాడు.

బయట మిట్టమధ్యాహ్నం. కానీ ఇంజను ఆగిన ఓడలో పగలు ఉండదు. మొదటి మెట్ల వరుస దిగేసరికే వెలుతురు మసకబారింది. రెండో వరుస దగ్గర పూర్తిగా ఆగిపోయింది. టార్చి వెలుగు పడిన చోటు తప్ప మిగతాదంతా నలుపు. అలవాటైన చీకటే. తుప్పు, పాత ఆయిలు, తడిసి ఎండిన తివాచీ, ఈ వాసనలూ అలవాటైనవే.

పాత ఓడను చూడ్డానికి నాకొక పద్ధతి ఉంది. గోడపలకను వేలి గెణుపుతో మూడుసార్లు తడతాను. గట్టి చెక్క గట్టిగా పలుకుతుంది. లోపల పుచ్చినది బోలుగా పలుకుతుంది. కళ్ళకు రంగు వేసి మోసం చేయొచ్చు గానీ చెవులను ఎవరూ మోసం చేయలేరు. అట్లా తట్టుకుంటూ, రాసుకుంటూ గది తర్వాత గది చూశాను. పై అంతస్తు పరవాలేదు. రెండో అంతస్తులో సగం పలకలు పోయాయి.

ఇక్కడే ఓడ యజమానులు బోల్తా పడతారు. సగమే కదా పోయింది, మార్చుకుందాం అనుకుంటారు. ఒక పలక ఊడదీస్తే దాని వెనక వైర్లు మాడి ఉంటాయి. వైర్లు లాగితే పైపు చిట్లి ఉంటుంది. పైపు విప్పితే దాన్ని మోసే ఇనుము కాగితమంత పలచన. పైగా నిప్పు అంటుకోని గోడలే పెట్టాలని కొత్త రూళ్ళు వచ్చాయి. అన్నీ మార్చి రెండేళ్ళ తర్వాత నీళ్ళలోకి వదిలితే అప్పటికి జనం రైలెక్కడం అలవాటు చేసుకుని ఉంటారు. అయినా అమ్మేయమని రాసే ముందు ప్రతిసారీ గదులన్నీ ఇంకోసారి తిరిగి చూసి వస్తాను. మనుషులు పెళ్ళిళ్ళు చేసుకున్న, పిల్లల్ని నిద్రపుచ్చిన గదులు గదా. వాటిని గ్యాసుతో కోసి ముక్కలు అమ్ముతారు.

భోజనాల హాల్లో స్టీలు పళ్ళాలు ఇంకా బోర్లించి ఉన్నాయి. కుప్పయ్య చెప్పిన చెమ్మ కోసం గోడలన్నీ తడిమాను. పొడిగా ఉన్నాయి. ఏ మూలా తడి లేదు. చేతిలో పుస్తకం చూసుకుని, ముసలాయన మతిమరుపు అనుకుని, కింది అంతస్తుకు దిగాను.

అక్కడ వాసన మారింది.

అప్పుడే వార్చిన గంజి వాసన. వేడి అన్నం వాసన. కుప్పయ్య పొయ్యి మూడంతస్తుల పైన ఉంది, గాలి కూడా ఆడని చోటు ఇది. కాసేపు నిలబడి పీల్చాను. తర్వాత నా పని నేను చేసుకుందామని గోడను తట్టాను.

టక్, టక్, టక్.

గోడ వెనక నుంచి మూడు దెబ్బలు తిరిగి వచ్చాయి.

ఎలుకలు లెక్కపెట్టవు. అయినా ఎలుకలే అనుకున్నాను. ఈసారి రెండుసార్లు తట్టాను. రెండు వచ్చాయి. పక్క గది తలుపు తోసి టార్చి వేశాను. ఉత్త మంచం. పరుపు కూడా లేదు. గోడ అవతల మనిషి పట్టే చోటు లేదు.

మళ్ళీ నడవలోకి వచ్చాను. నేను తట్టలేదు. చేతులు రెండూ ఒంటికి అంటుకునే ఉన్నాయి.

టక్...

కొంచెం ముందు పలక మీద.

టక్... ఇంకొంచెం ముందు. ఆ తర్వాత నడవ చివర. ఆ తర్వాత... నా వెనక.

తిరిగి చూడలేదు. చూడబుద్ధి కాలేదు. గంజి వాసన మెడ మీదకు వచ్చింది. వెచ్చగా. అప్పుడు వినిపించింది. ఆడగొంతు. మెల్లగా, ఇంట్లో పక్కగదిలోంచి పిలిచినట్టు...

"ఏమండీ..."

టార్చి వెలుగు ముందున్న ఖాళీ నడవ మీదే ఉంది.

"ఏమండీ... ఇంటికి పోదామా..."

మోకాళ్ళ నొప్పి గుర్తులేదు. మెట్లు ఎట్లా ఎక్కానో తెలియదు. డెక్కు మీద ఎండ కళ్ళలో కొట్టాక గానీ ఊపిరి అందలేదు. కుప్పయ్య నా మొహం చూసి చెంబుతో నీళ్ళిచ్చాడు. "ఈ పొద్దుకి చాలన్నా," అని మాత్రం అని, పడవవాళ్ళకు కండువా ఊపాడు. అప్పుడే ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

దారి పొడుగునా ఏడుపు వచ్చినంత పనైంది. భయం కంటే జాలే ఎక్కువ. ఆ మహాతల్లి ఐదేళ్ళుగా ఆ చీకట్లో ఉండి మొగుణ్ణి పిలుచుకుంటోంది, ఆయనేమో పైన కూర్చుని వెళ్ళిపోతున్నాడు. నాకు అట్లా తోచింది. ఇంకో రకంగా తోచడానికి కారణం ఏముంది?

మర్నాడు స్వామికి కాగితం ఇచ్చాను. ఒకే మాట రాశాను, అమ్మేయండి అని. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. హంసిని కింద టిక్కెట్ల దగ్గర ఉంది.

"లోపల ఇంకేమన్నా..." అన్నాడు స్వామి.

నోరు మూసుకుని వచ్చేయాల్సింది. అలసిపోయి ఉన్నాను. ఆయన కళ్ళ కింది నలుపు చూసి ఉండలేక అంతా చెప్పేశాను. తట్టడం, గంజి వాసన, పిలుపు. ఆయన కుర్చీ నా దగ్గరకు జరుపుకున్నాడు.

"ఏమండీ అన్నిందా?"

"అవును సామీ."

"కల్యాణవల్లి నా సొంత అక్క కూతురు. పెండ్లికి ముందూ, తర్వాతా నన్ను మామా అనే పిలిచేది. ఏమండీ అని ఒక్కనాడూ అన్లేదు."

ఆయనే మళ్ళీ అన్నాడు, "ఐదేండ్లు ఒంటిగా ఉంటే ఎవరైనా మాట మరిచిపోరా?"

ఆ మాట అడుగుతున్నప్పుడు ఆయన మొహం చిన్నపిల్లవాడి మొహంలా ఉంది. కాదని చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి. నా దగ్గర లేకపోయింది.

"ఉండొచ్చు సామీ," అన్నాను.

మర్నాడు తెల్లవారకముందే కారు తెప్పించాడు. నన్నూ ఎక్కించుకున్నాడు. ఓడ మీదికి చేరగానే ఆయన చెప్పులు విప్పి, టార్చి కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు. ఐదేళ్ళుగా దిగని మనిషి. నేనూ కుప్పయ్యా పైన మిగిలాం.

"ఆయమ్మ లోపల ఉండాదని ముందే చెప్పుండచ్చు గదా కుప్పయ్యా," అన్నాను.

"ఏ ఆయమ్మ?"

"ఇంకెవరు? కల్యాణవల్లమ్మ."

కుప్పయ్య నా వైపు అట్లాగే చూశాడు. "ఆయమ్మ సముద్రంలో పోయినాదన్నా. ఈ కండ్లతో చూసినా. కింద దేన్నో చూసి జడుసుకొని పైకి పరిగెత్తుకొచ్చి, ఆ కమ్మీ దాటి పడింది. ఆయమ్మ ఈడ లేదు."

"మరి ఉండాదని చెప్పినావే. అది ఉండాది, తిరగతాది అని."

"అది అన్నాను గదన్నా. చేతులారా అన్నం పెట్టిన తల్లిని నేను అది అంటానా? ఓడ కొన్నప్పుడే అది ఉండాది. మనకు ముందరోళ్ళ కాలం నుంచీ ఉండాదేమో. అప్పుడు దానికి మన మాటలు గూడా రావు. ఎక్కినోళ్ళు పిలుచుకునేది విని విని నేర్చుకునింది."

చెమ్మ అని నా పుస్తకంలో రాసుకున్నది దేన్నో అప్పుడు అర్థమైంది.

"స్వామికి ఎందుకు చెప్పలేదు?"

"ఆయమ్మ పోయిన దినమే చెప్పినా. లోపల ఉండాది సామీ, కిందికి ఎవుర్నీ దించొద్దండి అన్నా. అంత మాత్రమే అన్నా. ఎవరని అన్లేదు. ఆయన నా చేతులు పట్టుకొని ఏడ్చినాడు. ఉండాదా, నా కల్యాణవల్లి ఉండాదా అని..." కుప్పయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కాదని ఎట్ల చెప్పేదన్నా? ఆ ఒక్క మాట పట్టుకొని బతికినాడు ఆయన. నేనే ఈడ కావిలి ఉంటే చాల్లే అనుకున్నా. పైకి రమ్మని ఎవురూ పిలవనంత కాలం అది రాదు."

ఐదేళ్ళు ఓడను అమ్మనీయకుండా, బాగుచేయనీయకుండా పట్టి ఉంచింది ఉండాది అన్న ఆ ఒక్క మాటే. స్వామిని వెనక్కి పిలవడానికి మెట్ల వైపు పరిగెత్తాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టేలోపే కింది నుంచి స్వామి గొంతు వినిపించింది.

"రా... రా అమ్మా... పైకి రా."

గంజి వాసన ముందుగా వచ్చింది. తర్వాత ఆయన వచ్చాడు. చీకట్లోంచి వెనక్కి తిరిగి నడుస్తూ, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ, ఒక చెయ్యి కిందికి చాపి ఎవరికో ఊతం ఇస్తూ. మొహం వెలిగిపోతోంది. ఆ చేతిలో ఏమీ లేదు. కానీ వేళ్ళ మీద పట్టు బిగిసి, గోళ్ళ కింద తెల్లబడి ఉంది.

కుప్పయ్య మొహం తిప్పుకున్నాడు. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.

స్వామి పడవలోకి దిగాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. ఒక క్షణం తర్వాత మళ్ళీ ఒరిగింది, ఇంకా కిందికి. పడవవాడు నేను ఎక్కాననుకుని తాడు విప్పాడు. నేనింకా డెక్కు మీదే ఉన్నాను.

"అమర్‌నాథూ," అని కింది నుంచి పిలిచాడు స్వామి, "నువ్వు రాసిందే సరి. ఓడను అమ్మేద్దాం. దాంతో ఇంక పని లేదు."

నెలాఖరుకు ఓడ పోయింది. గుజరాత్ వాళ్ళ టగ్గు వచ్చి లాక్కుపోయిందని కుప్పయ్య కార్డు రాశాడు. తాను వరదయ్యపాలెంలోనే ఉంటున్నానని, ఇంక సముద్రం మొహం చూడనని కూడా రాశాడు.

దీపావళి దాటిన వారానికి హంసిని ఫోను చేసింది, ఒకసారి రండి అని. సాయంత్రం ఐదు గంటలప్పుడు తిరుపతిలో వాళ్ళింటికి పోయాను. ఆమె వాకిట్లోనే కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు. నెలరోజుల్లో సగమైపోయింది పిల్ల.

"నాయన బాగా నిద్రపోతాండాడు మేస్త్రీ గారూ," అంది. "కడుపునిండా తింటాండాడు. ఓడ ఊసే లేదు. నేను కోరుకున్నదంతా అయింది."

ఇంట్లోంచి గంజి వాసన వస్తోంది. మూసి ఉన్న గది తలుపు వెనక స్వామి గొంతు వినిపించింది. ఓపికగా, పసిపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు.

"అట్ల కాదు. మళ్ళీ అను. మా... మా."

కాసేపు ఏమీ లేదు. తర్వాత...

"ఏమం..."

"ఊహూఁ. మా... మా."

ఇంకాసేపు. నా చెవులు మూసుకుందామనుకున్నాను.

"మా... మా..."

లోపల ఆయన సంతోషంగా నవ్వాడు. హంసిని నా దగ్గరగా వంగింది. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"రాత్రి నన్ను పేరు పెట్టి పిలిచింది," అంది, వినపడీ వినపడకుండా. "పొద్దున నాయన్ని అడిగినా. నా పేరు ఇంకా నేర్పలేదంట."